విమానం రెక్క మీద నా సర్టిఫికెట్

బస్సు డిపోలో ముప్పై ఏళ్లు బ్రేకులు, టైర్లు, లైట్లు చూసి, కాగితం మీద సంతకం పెట్టాకే బండిని బయటికి వదిలినవాణ్ని. రిటైరైనా ఆ బుద్ధి పోలేదు. ఇప్పటిదాకా నాలుగుసార్లు విమానమెక్కాను. ప్రతిసారీ కిటికీ పక్కన కూర్చుని, రెక్క వెనుక పలకలు కిందికి దిగాయో లేదో చూసి డైరీలో రాసుకున్నాను. నాలుగుసార్లూ దిగాయి. అంతటితో నేను విమానశాస్త్రం ముగించాను.

చండీగఢ్‌లో ఉన్న మా అమ్మాయి కాన్పును డాక్టర్ ముందుకు జరిపింది. రైలైతే అందదు. నాకేమో కంటి ఆపరేషన్ అయి నాలుగు రోజులే. మా ఆవిడ మొదటిసారి, అదీ ఒంటరిగా, విమానంలో వెళ్లాలి. చేవెళ్ల బస్సెక్కించినట్టు ఎక్కించి ఊరుకోవచ్చు. నేను చపాతీ పీటను రెక్క చేసి, దాని వెనుక పలకలుగా అట్టముక్కలు అంటించి పాఠం మొదలుపెట్టాను.

"వీటిని ఫ్లాప్స్ అంటరు. ఇవి దిగకుంటే విమానం లేవదు."

మర్నాడు ఆమె ఫోన్‌లో ఒక వీడియో పట్టుకొచ్చింది. ఏ దేశానిదో, తోక దగ్గర ఇంజన్లున్న చిన్న విమానం. పలకలు దిగలేదు. చక్కగా లేచిపోయింది.

"నువ్వు చెప్పింది తప్పన్న గావాలె, ఆ పైలట్ మర్చిపోయిండన్న గావాలె. ఏది?"

నేను ఆలోచించి, "మర్చిపోయి ఉంటడు" అన్నాను.

ఆమె సంచిలోంచి చీరలు తీసి బీరువాలో పెట్టింది. "గంత మతిమరుపోళ్లు నడిపేది నేనెక్క."

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. "బాపు, అమ్మకేం చెప్పినవ్? నాకు భయమైతున్నది, అమ్మను పంపు."

మర్నాడు పొద్దున్నే అజీజ్‌నగర్ వెళ్లాను. అక్కడ తోట కొనుక్కుని స్థిరపడిన కోస్తా పెద్దాయన ఒకరు విమానాల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. జామచెట్లకు నీళ్లు పెడుతూ అంతా విన్నారు.

"ఫ్లాప్స్ దింపితే తక్కువ వేగంతోనే లేస్తుందండి, కానీ గాలి వెనక్కి లాగుతుంది. కొన్ని రకాలకు, రన్‌వే పొడుగ్గా ఉంటే, అవి అక్కర్లేదు. ఇంకాస్త దూరం, ఇంకాస్త వేగంగా పరుగెడతాయి. లేచాక బాగా పైకెక్కుతాయి, ఒక ఇంజన్ ఆగినా సరే. బరువు, ఎండ అన్నీ లెక్కేసే నిర్ణయిస్తారు. ఫ్లాప్స్ కావలసిన విమానంలో దించకపోతే పైలట్ ముందు అలారం మోగుతుంది. ఖాళీ బస్సును మీ డ్రైవర్లు సెకండ్ గేర్లో లేపరా?"

లేపేవారు. అందుకు వాళ్లకు మెమోలిచ్చింది నేనే. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఇంటికొచ్చి ఆమెకు అంతా చెప్పాను.

"అయితే ఆయన మర్చిపోలే."

"మర్చిపోలేదు."

"మరట్ల ఎందుకన్నవ్?"

"నాకు తెల్వదని చెప్పనీకి నోరు రాలే."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. చీరలు మళ్లీ సంచిలోకి వెళ్లాయి. "కిటికీ సీటు మాత్రం వద్దు. రెక్క చూస్తే నువ్వు యాదికొస్తవ్" అంది.

ఆమె చండీగఢ్‌లో దిగి ఫోన్ చేయగానే అడిగాను, "పలకలు దిగినయా?"

"నేను పండుకున్న. ఫోన్ పెట్టు, బిడ్డ దగ్గరికి పోవాలె."