కాక బూట్లకు కుంకుమ బొట్టు

మా చిన్నప్పుడు... దసరా ఆయుధ పూజలో అందరి ఇళ్ళలో కత్తిపీటలు, స్కూటర్లు ఉంటే, నాంపల్లిలోని మా ఇంట్లో ఫుట్‌బాల్ బూట్లు కూడా ఉండేవి. అవి మా కాకవి... అంటే నాన్న తమ్ముడివి. ఆబిడ్స్‌లోని నాన్న బట్టల దుకాణం నుంచి వచ్చిన కత్తెర పక్కన ఠీవిగా కూర్చునేవి. నానమ్మ వాటికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది.

"బూట్లకు పూజేంది పెద్దమ్మా?" అని పక్కింటావిడ నవ్వితే, "నీ స్కూటర్ బురదల తిరగదా? గవే వానికి అన్నం పెడ్తున్నయ్" అని నోరు మూయించేది.

కాక ఓ ఆఫీసు టీమ్‌లో జీతానికి ఆడేవాడు. గోల్స్ కొట్టడమే ఆయన ఉద్యోగం. బంతి తన్నితే జీతమిస్తారంటే మా క్లాసులో ఒక్కరూ నమ్మేవారు కాదు...

ఓ ఏడు దసరా ముందు నాన్న మిఠాయి డబ్బాతో వచ్చాడు. కాకను హెడ్ కోచ్‌ని చేశారట. ఇల్లంతా సంబరం... కాక మాత్రం చిన్న ముక్క కొరికి పక్కన పెట్టేశాడు.

"ఇగ కాక ఆడడా?" అని అడిగాను.

"ఆడడు బిడ్డా, ఆడిపిస్తడు. ప్రమోషన్!" అన్నాడు నాన్న.

నాకు బుర్ర తిరిగిపోయింది. బాగా ఆడినవాణ్ణి ఆట మాన్పించడం ప్రమోషనా? మా బడిలో దాన్ని శిక్ష అంటారు...

పూజ రోజు కాక బూట్ల జాగాలో ఓ విజిల్ పెట్టాడు. నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిరా గిది? బూట్లేవి?"

"గవి ఇగ నాకెందుకమ్మా..."

నానమ్మ వింటేనా! అటక మీది సంచిలోంచి బూట్లు తీయించి ఎప్పటిలాగే బొట్టు పెట్టింది. ఎందుకైనా మంచిదని విజిల్‌కూ ఓ బొట్టు పెట్టింది. మర్నాడు చూస్తే బూట్లు లేవు.

ఆ వారంలోనే కాక కోచ్‌గా మొదటి మ్యాచ్. అందరం వెళ్ళాం. కాక ఇస్త్రీ ప్యాంటు, కాళ్ళకు చెప్పులతో గీత బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన జాగాలో ఎవరో కొత్త కుర్రాడు ఆడుతున్నాడు. నానమ్మ వాడి కాళ్ళకేసి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గవి మనోని బూట్లే!"

అవును... మడమ దగ్గర కుంకుమ మరక కూడా ఉంది. కాక బూట్లు పరిగెడుతున్నాయి, కాక కూర్చున్నాడు. మరి మేం చప్పట్లు ఎవరికి కొట్టాలి? నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆఖర్లో బంతి ఆ కుర్రాడి దగ్గరికి వచ్చింది. వాడు తన్నాడు... సరిగ్గా అప్పుడే బెంచీ మీద కాక కాలూ గాల్లోకి లేచింది. చెప్పు ఊడి మైదానంలో పడింది. గోల్! జనమంతా కుర్రాడి పేరు అరుస్తుంటే, కాక ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వెళ్ళి రెండోది ఏరుకున్నాడు. అందరూ నవ్వారు. నానమ్మా నవ్వింది... కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"కాక గెలిచిండా, ఓడిండా?" అన్నాను. నాన్న "గెలిచిండే!" అన్నాడు. నానమ్మ మాత్రం ఆ బూట్లనే చూస్తోంది.

కాక కోచ్‌గా చాలా ఏళ్ళు చేశాడు, మంచి పేరొచ్చింది. ఆఫీసు టీమ్‌లు ఒక్కొక్కటే మూతబడ్డాయి... నానమ్మ లేదు. మొన్న దసరాకు వెళ్తే పూజలో పిల్లల ల్యాప్‌టాప్‌లు, ఛార్జర్లు, ఓ మూల ఆ విజిల్. కాక ఫోన్‌లో ఏదో మ్యాచ్ చూస్తున్నాడు. కుర్చీ కింద ఆయన కుడికాలు మెల్లగా గాలిని తన్నుతోంది. గెలిచాడో ఓడాడో... నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మీ ఇంట్లో దసరా పూజకు మీవాళ్ళు ఏం పెట్టేవారు? ఆ జాగాలో ఇప్పుడేముంది?