దొరసాని ఏడుపు

బొంబాయిలో వరస గదుల మా చాల్‌లో నీత గొంతు తెలియనివాళ్లు లేరు. తెలుగు టీవీలో పెళ్లిపందిట్లో గుసగుసలాడే ఆడవాళ్లు, సంతలో అరిచే గుంపు, "వస్తున్నానమ్మా" అంటూ పరిగెత్తే పనిమనిషి, అన్నీ ఆ పిల్లే. గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలెక్కి అంధేరీ స్టూడియోకి వెళ్లి, పరాయి భాషల సీరియళ్లకు తెలుగు గొంతు అరువిచ్చి వస్తుంది. నాలుగేళ్లయినా పేరున్న పాత్ర ఒక్కటీ ఇవ్వలేదు, వాళ్ల చేతులు పడిపోను! పక్క ఖోలీ గదిలో ఉంటూ చిన్నప్పటినుంచి ఎత్తుకు మోసినదాన్ని, ఆ మాత్రం తిట్టే హక్కు ఈ రత్నాబాయికి ఉంది.

ఈ ఏడు వానల ముందు ఫ్రాన్సు దొరబిడ్డ కథ ఒకటి వాళ్ల స్టూడియోకి వచ్చింది. పేరు అదెలీన్. పదహారేళ్లకే తండ్రి ఆమెను మొహమైనా చూడని రాజబంధువుకిచ్చి, మంచు కురిసే పరాయి రాజ్యానికి పంపేశాడు. పొలిమేరలో పుట్టింటి బట్టలు విప్పించి అక్కడివి తొడిగారు. వెంట వచ్చిన దాదిని వెనక్కి తోలేశారు. ఆమె నోరు తెరిస్తే చాలు, యాస విని రాణివాసమంతా విసనకర్రల చాటున నవ్వేది. పట్టుగౌన్లు, ముత్యాలు చూసి పెట్టి పుట్టిందనుకుంటాం. పుట్టిన బిడ్డ పోయింది. "అమ్మా, నన్ను తీసుకుపో" అని ఉత్తరం రాస్తే, "పరువు తీయకు, అక్కడే ఉండు" అని జవాబొచ్చింది.

దొరసానికి గొంతిచ్చే హైదరాబాద్ అమ్మాయి జ్వరంతో పడింది. ఆఖరి భాగం నీతను చెప్పమన్నారు. ఇది బాగా కుదిరితే ఇకమీద పెద్ద పాత్రలేనని ఆశ పెట్టారు కూడా.

నీత చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరం రాదు. డైలాగులు మరాఠీ అక్షరాల్లో రాసుకుని గదుల ముందు గ్యాలరీలో తిరుగుతూ వల్లించేది. వాళ్ల అవ్వ లచ్చమ్మ, నేను గుమ్మం ముందు కూర్చుని బియ్యం ఏరుతున్నాం.

"ఏందే, గా దొరసాని గట్ల ఏడుస్తది? బిడ్డ సచ్చినోళ్లు 'హా విధీ' అంటరా ఎవలన్న?" అంది లచ్చమ్మ.

"రాసిచ్చిందే గట్ల అవ్వా. మరెట్ల ఏడుస్తరో నువ్వే సాంగ్ నా, చెప్పు!"

చేట మీద లచ్చమ్మ చేయి ఆగిపోయింది. పద్నాలుగేళ్లకు పాలమూరు నుంచి తాపీమేస్త్రీ పెళ్లాంగా ఈ ఖోలీకి వచ్చిన మనిషి.

"నాకు తొలిసూరు పిల్ల పదకొండో దినం పోయింది. ఊరికి పోతున్న కిష్టయ్యతోని మా అమ్మకు కబురంపిన, నన్ను తోలుకపొమ్మని. 'మల్ల పుడ్తది, ఆడనే ఉండుమను' అన్నదంట. నోట్ల కొంగు కుక్కుకొని ఏడ్సిన, పక్క ఖోలీలకు ఇనపడొద్దని."

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. యాభై ఏళ్లకు పైగా చెప్పలేదు ఆ మహాతల్లి. కొంగు నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఆ ఏడుపు వినిపించింది.

మర్నాడు స్టూడియోలో నీత చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చిందట. అద్దం అవతల రికార్డింగ్ అతను కళ్లు తుడుచుకున్నాడట. డైరెక్టర్ మాత్రం, "ఏడుపు అద్భుతం అమ్మా. మాటల్లోనే బొంబాయి వినిపిస్తోంది. ఆమె దొరసాని కదా," అన్నాడట. వారానికి ఆ హైదరాబాద్ అమ్మాయి లేచొచ్చింది. మాటలు ఆమెవి, ఏడుపు నీతది ఉంచారు. యాసకు నవ్వినందుకు రాణివాసాన్ని తిట్టే కథకు వీళ్లు చేసిన న్యాయం అదీ!

"పెద్దమ్మా, అవ్వకు చెప్పకు," అంది నీత. నా నోరు కట్టేసింది.

ఆదివారం సాయంత్రం లచ్చమ్మ చాల్‌నంతా పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది. దొరసాని మాట్లాడింది. అది నీత గొంతు కాదు. అందరూ మొహాలు చూసుకున్నారు. నీత తల దించుకుంది. ఇంతలో తెర మీద తల్లి ఉత్తరం వచ్చింది. దొరసాని చదివి, ఏడ్చింది.

లచ్చమ్మ ముందుకు వంగింది. "మాటలు ఎవలియో," అంది. "గా ఏడుపు నాది."

ఆమె చేయి అలవాటుగా కొంగు నోటిదాకా తెచ్చింది. నీత లేచి వచ్చి ఆ కొంగు లాగేసింది.

"ఇననీ అవ్వా. అందర్నీ ఇననీ."

లచ్చమ్మ గొంతెత్తి ఏడ్చింది. నేను లేచి టీవీ కట్టేశాను.