బస్సెక్కిన ఆక్సిజన్

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటిని మా ఇంట్లోవాళ్లు పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పి నలుగురినీ నవ్విస్తుంటారు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేనే ఎత్తాలి. ఇందులోనూ నవ్వు ఉంది, బోలెడంత ఉంది. కానీ ఒక ప్రభుత్వోద్యోగి పట్టపగలు, బస్సు నిండా జనం చూస్తుండగా, తన కళ్లలో తానే దుమ్ము కొట్టుకుని, ఆ పైన సంతకం కూడా పెట్టి ముద్ర వేసిన కథ ఇది. ఎక్కడిదాకా నవ్వాలో మీ ఇష్టానికి వదిలేస్తున్నాను.

అవి డెబ్బైల చివరి రోజులు. నాకు ఇరవై ఆరేళ్లు. ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం, నంద్యాలలో మకాం. సొంతూరు ఆళ్లగడ్డ. మా నాయన అక్కడ శిల్పి. నలభై ఏళ్లుగా దేవుళ్లను చెక్కుతూ ఆ రాతిపొడినంతా ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా ఉలి వదిలేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు మాత్రం ఉలి కింద పెట్టి, "మావోడు సంతకం పెడితే ఆసుపత్రులు తెరుచ్చారు, పెట్టకపోతే మూసేచ్చారు" అని వీధంతా తిరిగి చెప్పాడు. నేను కూడా నమ్మాను. అసలు ప్రమాదం అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఏడు ప్రైవేటు నర్సింగ్ హోములన్నిటినీ తనిఖీ చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చేతికి ఒక కాగితం ఇచ్చారు. మంచాలు, దుప్పట్లు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, సూదులు మరగబెట్టే గిన్నె, ఆక్సిజన్ సిలిండర్ అంటూ ఒక జాబితా. ఒక్కోదానికీ ఎదురుగా "ఉన్నది", "లేదు" అని రెండు గళ్లు. కంటికి కనబడితే మొదటి గడిలో గీత, లేకపోతే రెండో గడిలో గీత. ఇంతకన్నా తేలికైన ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉంటుందా చెప్పండి?

మా శాఖలో ఇంకో గొప్ప ఆచారం ఉండేది. తనిఖీకి పదిహేను రోజుల ముందే టూర్ ప్రోగ్రాం పంపేవాళ్లం. ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా అధికారి మీ లోపాలు కనిపెట్టడానికి వస్తున్నాడు, దయచేసి సహకరించగలరు అని దాని సారాంశం. దొంగకు ముందుగా కబురు పెట్టి పట్టుకోబోయే పోలీసు ఎక్కడైనా ఉంటాడో లేదో గానీ, మేం మాత్రం ఉండేవాళ్లం.

నంద్యాలలో ఒక డాక్టరు గారికి పెద్ద నర్సింగ్ హోం ఉండేది. ఆయనదే ఇంకోటి ఆళ్లగడ్డలో. పొద్దున నంద్యాలది, మధ్యాహ్నం ఆళ్లగడ్డది అని నా ప్రోగ్రాం. పొద్దున తొమ్మిదికి వెళ్లేసరికి నేల అద్దంలా ఉంది. దుప్పట్లకు ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. ఒక మూల, నల్లటి ఒళ్లు, తెల్లటి భుజాలతో ఆక్సిజన్ సిలిండర్ నిలబడి ఉంది. గీత పెట్టాను. ఆ తర్వాత ఉగ్గాని, బజ్జీ వచ్చాయి. తినమని డాక్టరు గారు బలవంతం చేశారు. నిజం చెప్పాలంటే పెద్దగా బలవంతం చేయాల్సిన పని లేకపోయింది. నేను రెండో పళ్లెం ముగించే లోపల ఆ మూల ఖాళీ అయిందని ఎవరైనా చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బస్టాండుకు వచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. ఇంతలో కింద గొడవ. బక్కపలచని మనిషి ఒకడు, తనంత పొడుగున్న సామానేదో గోనెపట్టలో చుట్టి, తాళ్లతో బిగించి, దాన్ని కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు. కండక్టర్ అతన్ని ఎక్కనివ్వడం లేదు.

"ఏందప్పా అది, పీనుగను గాని కట్టుకొచ్చినావా? దించు దించు. మనుషులకే జాగా లేదీడ."

"అట్లనొద్దన్నా. ఆసుపత్రి సామాను. రెండు గంటలకల్లా ఆళ్లగడ్డలో ఉండల్ల. బేగా పోకపోతే నా ఉద్యోగం పోతాది."

"పోతే పోనీ. నెత్తిన పెట్టుకోని నడుసుకుంటా పో."

నాలోని ఆరోగ్య శాఖ ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఏందప్పా నువ్వు మాట్లాడేది? ఆసుపత్రి సామాను అని చెప్తాండాడు కదా! మనిషి పాణం కన్నా నీకు జాగా ఎక్కువైందా? నేను ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ని. ఎక్కించు!"

నా మాట విని కండక్టర్ తగ్గాడు. ఆ బక్కమనిషి ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. అది నా మీద గౌరవం అనుకున్నాను. సామాను పైకెక్కడం లేదని నేనే దిగి ఒక చెయ్యి వేశాను. దాన్ని డ్రైవర్ పక్కన, ఇంజన్ బానెట్ మీద అడ్డంగా పడుకోబెట్టాం. దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా అది దొర్లకుండా కాలు అడ్డం పెట్టి కాపలా కాశాను. ఆ మనిషి గంటన్నర సేపూ నా వైపు తిరగలేదు. మీకు ఈపాటికే అంతా అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

ఆళ్లగడ్డలో దిగగానే అతను సామానుతో సహా మాయమైపోయాడు. నేను హోటల్లో భోంచేసి, తీరిగ్గా నర్సింగ్ హోముకు వెళ్లాను. గుమ్మంలో తెల్లకోటు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఎవరనుకున్నారు? ఆ బక్కమనిషే. కాంపౌండర్ సుబ్బరాయుడట.

"ఓహో, నువ్వీడోనివేనా అప్పా!" అన్నాను సంబరంగా.

"అవు సార్. మందులు తెచ్చుకోను పొయ్యింటి" అన్నాడు నేల చూపులు చూస్తూ.

గుమ్మంలో గోనెపట్ట ఒకటి పడి ఉంటే, కాళ్లు తుడుచుకోవడానికి వేశారు కాబోలు, ఎంత శుభ్రం అనుకుని కాళ్లు తుడుచుకుని మరీ లోపలికి వెళ్లాను. మంచాలు ఉన్నాయి, దుప్పట్లు ఉన్నాయి. మూలలో నల్లటి ఒళ్లు, తెల్లటి భుజాలు. ఆప్యాయంగా చెయ్యి వేశాను. చుర్రుమంది.

"ఇంత వేడిగా ఉందేందప్పా ఇది?"

సుబ్బరాయుడు కోటు అంచుతో సిలిండర్‌ను తుడిచాడు. "నిండుగా ఉండాది సార్. ఆక్సిజన్ నిండుగా ఉంటే అట్లే కాగుతాంటాది."

నేను సైన్సు చదివినవాణ్ణి. డిగ్రీ ఉంది. తల ఊపి, రిమార్కుల గడిలో నా చేత్తోనే ఇలా రాశాను: "సిలిండర్ నిండుగా, వెచ్చగా ఉన్నది." సంతకం పెట్టి ముద్ర వేశాను. సాయంత్రం ఇంటికి పోయి నాయనకు ధైర్యం చెప్పాను. "నీకు ఆయాసం వస్తే నంద్యాలకు పరుగెత్తే పని లేదు నాయనా. ఈడనే ఆక్సిజన్ ఉండాది. నా కండ్లతో చూసినా, చేత్తో పట్టుకున్నా." నాయన పక్కింటి వాళ్లను పిలిచి మరీ ఆ మాట మళ్లీ చెప్పించాడు.

నాలుగు నెలలు పోయాయి. ముసురు పట్టిన ఒక ఆదివారం నేను ఇంట్లో ఉన్నాను. నాయన వాకిట్లో నరసింహస్వామి ముఖం చెక్కుతూ చెక్కుతూ ఆగిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. రొమ్ము ఎగిసిపడుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. మా వీధి ఓబులేసన్న నడిపే సర్వీసు జీపు జనంతో నంద్యాలకు బయలుదేరుతోంది. అతను పరుగెత్తుకొచ్చి నాయనను ఎత్తి జీపులో కూర్చోబెట్టాడు.

"ఎక్కు తమ్ముడా. నేరుగా పెద్దాసుపత్రికి పోదాం."

"అంత దూరం ఎందుకన్నా? మూడు వీధుల అవతలే ఉంది కదా. నేను తనిఖీ చేసిందే. నా మాట విను."

"ఒరే, ఆడ ఏముంటాదో ఏమో..."

"అన్నీ ఉండాయన్నా! నాకు తెలీదా?"

ఇన్‌స్పెక్టర్ మాట కదా, విన్నాడు. నర్సింగ్ హోం ముందు దింపాడు. జీపులో జనం తొందరపడుతుంటే, "నువ్వు పో అన్నా, మేం చూసుకుంటాం" అని నేనే సాగనంపాను. ఆ మాటను తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

లోపల మంచాలు సగమే ఉన్నాయి. మూల ఖాళీగా ఉంది. సుబ్బరాయుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. డాక్టరు గారు ఆదివారం రారట.

"సిలిండర్ యాడ?" అని అరిచాను.

"ఈడ లేదు సార్."

"లేకపోవడమేంది? నేను చూసినా కదా!"

"అది ఈడిది కాదు సార్. నంద్యాలది. మీరొస్తేనే వస్తాది."

"నేనొచ్చినా కదప్పా! నీ ముందరే నిలబడినా కదా!"

సుబ్బరాయుడు మంచివాడు. అబద్ధం చెప్పడం చేతకానివాడు. చాలా బాధపడుతూ చెప్పాడు. "తనిఖీకి రాలేదు కదా సార్. ముందుగా ఒక ఉత్తరం రాసింటే తెప్పించి పెట్టింటాం."

నాకు కోపం కూడా రాలేదు. నాయన బల్ల మీద ఒరిగి, ఆయాసపడుతూ, ఆ మాటలన్నీ వింటున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి ఊపిరి ఎక్కడుంది?

జీపు పోయింది. ఇంకో బండి దొరకలేదు. చివరికి సుబ్బరాయుడూ నేనూ కలిసి నాయనను మోసుకుంటూ బస్టాండుకు పోయాం. బస్సు వచ్చేసరికి ముప్పావు గంట. నంద్యాల దాకా ఆయన తల నా భుజం మీద ఉంది. ప్రతి ఊపిరికీ ఒక ఈల. అది ఆగినప్పుడల్లా నా ప్రాణం ఆగేది. సిరివెళ్లలో బస్సు నిలిపి ఎవరో కోళ్ల గంపలు ఎక్కిస్తుంటే కండక్టర్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బాగుండేదని అక్కడి డాక్టరు అన్నాడు. నాయన బతికాడు. కానీ ఆ తర్వాత ఆయన చేతికి సుత్తి ఎత్తే బలం రాలేదు. నరసింహస్వామి సగం ముఖంతో వాకిట్లోనే ఉండిపోయాడు.

నేను ఊరుకోలేదు. జరిగిందంతా, బస్సుతో సహా, బానెట్‌తో సహా, కాళ్లు తుడుచుకోవడంతో సహా నాలుగు పేజీలు రాసి పైకి పంపాను. పైవాళ్లు వెంటనే విచారణకు ఆదేశించారు. విచారణ అధికారి ఆళ్లగడ్డకు వస్తున్నట్టు పదిహేను రోజుల ముందే టూర్ ప్రోగ్రాం వెళ్లింది. ఆయన వచ్చాడు, చూశాడు, గీత పెట్టాడు. ఉన్నది.

అయితే నా నాలుగు పేజీలు వృథా పోలేదు. అందులో ఒక నేరం బయటపడిందని నెల తర్వాత నాకు మెమో వచ్చింది. ప్రయాణికుల బస్సులో, ఇంజన్ మీద, ప్రమాదకరమైన గ్యాసు సిలిండర్‌ను అధికార బలంతో ఎక్కించిన ఇన్‌స్పెక్టర్ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో తెలపాలట. నేరం ఒప్పుకుని, మళ్లీ చేయనని హామీ పత్రం రాసిస్తే నల్లమల అడవిలోని సున్నిపెంటకు బదిలీతో సరిపెడతారట.

ఆ పత్రం రాయడానికి ఇంట్లో కూర్చున్నాను. మంచం మీద నుంచి నాయన అడిగాడు.

"ఏం రాస్తాండావురా?"

"ఇంగెప్పుడూ ఇట్లాంటి తప్పు చెయ్యనని రాసిస్తాండా నాయనా."

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "మంచిదే. ఆ ఆసుపత్రోళ్లు గూడా రాసిచ్చినారా?"

తల వంచుకుని, దేవుడి సాక్షిగా, నా పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఇకమీదట ఏ బస్సులోనూ ఏ ఆసుపత్రికీ ఆక్సిజన్ ఎక్కించనని హామీ రాసి సంతకం పెట్టాను. మొత్తం ఉద్యోగంలో నేను తు.చ. తప్పకుండా పాటించిన ఉత్తర్వు ఇదొక్కటే. నాయన ఆ తర్వాత ఏడాది బతికాడు. ఆ ఏడాదిలో కూడా, నా ప్రమాణానికి భంగం రాకుండా, ఆళ్లగడ్డకు ఆక్సిజన్ రాలేదు.