ముత్తయ్య మామ వద్దన్న నీళ్లు

దంతెవాడ జీపుల అడ్డాలో ఎవరైనా నీళ్ల సీసా మూత టక్కున తిప్పితే నాకు ముత్తయ్య మామ గుర్తొస్తాడు. ఆయన సీలు ఊడని సీసాను కూడా ఎండకు పట్టి చూసేవాడు. మబ్బును నమ్మడు, జీపు బ్రేకును నమ్మడు, నన్ను అసలే నమ్మడు. ఆ చివరిదానికి కారణాలున్నాయి. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టి, జలపాతాలు చూడవచ్చేవాళ్లకు చెట్టుకో అబద్ధం చెబుతూ బతుకుతున్నాను మరి. మామకు అడవి తెలుసు, నాకు హిందీ తెలుసు. అలా కుదిరింది జత.

ఒక వేసవిలో రాయపూర్ దంపతులను జలపాతం చూపించి తీసుకొస్తుంటే దారిలో నీళ్లు అయిపోయాయి. ఆమెకు ఎండదెబ్బ తగిలినట్టుంది, అడుగులు తడబడుతున్నాయి. చెట్ల కింద ఒక వాగు మడుగు కనిపించింది. అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంది. ఆమె సీసా ముంచగానే మామ లాక్కుని ఒంపేశాడు.

“ఏంది మామా, వాగు నీ జాగీరా?”

“చేప కనబడుతున్నదా అల్లుడా? కప్ప? నీటిపురుగు? ఎవరో వాగు పైన చేపలు పట్టనీకి మత్తుకాయ దంచి కలిపిన్రు. తాగొద్దని చెప్పు. అరగంట నడిస్తే మా చెల్లె ఊరి ఊట ఉంది.”

చెల్లెలు తేనె అమ్ముతుంది. దొరికావు మామా అనుకున్నాను. ఆ దంపతులతో హిందీలో, “ముసలాయనకు తేనె బేరం కావాలట, మీరు తాగండి” అన్నాను.

మామ కళ్లు చిన్నవయ్యాయి. “నేను అంత మాట అంటే నువ్వు ఇంతే చెప్పినవేంది?”

ఆయన అనుమానాన్ని వెక్కిరించడానికి నేనే ముందు రెండు దోసిళ్లు తాగాను. ఆమె వంగేలోపు నా కడుపు మెలితిరిగింది. మడుగు ఒడ్డునే కక్కుకున్నాను. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. ఆమె తాగి ఉంటే, ఆ నీరసంలో ఏమయ్యేదో.

ఊట దగ్గర ఆమె కడుపారా తాగి తేరుకున్నాక భర్త నన్ను అడిగాడు, ఇంతకీ ఈయన ముందు ఏమన్నాడని. ప్రశ్నను మామకు వినిపించాను. ఆయన నావైపు తిరిగాడు.

“ఆ నీళ్లల్ల మందుందని అప్పుడే అన్న. వీడు మీకు చెప్పలే. ఇది చెప్పు. తగ్గించకు.”

తలవంచుకుని, పొల్లు పోకుండా చెప్పాను. నా నోటితో నన్నే పట్టించాడు.

మామ పోయి రెండేళ్లయింది. అబద్ధాలు ఇప్పటికీ చెబుతాను, చెట్ల గురించి మాత్రమే. ఎవరి మాటనైనా మరొకరికి చేరవేయాల్సి వస్తే మాత్రం, ముందు ఒక్క క్షణం ఆగి నా నోటిని అనుమానిస్తాను.