మూడో తట్టు

కూకట్‌పల్లి, శ్రావణ శనివారం, 1999.

మా అల్లుడు పోయాడు. కామెర్లు ముదిరాయి. ఆసుపత్రిలో చేర్చిన వారంలోపే అయిపోయింది. నిన్నటికి పెద్దకర్మ హడావిడి కూడా సద్దుమణిగింది. పరామర్శకు వచ్చిన కాలనీవాళ్ళు "పాపం, ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు బాగా పాడేవాడండీ" అని చెప్పి వెళుతున్నారు. అది సగం మాట. లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, సగం జవాబుకి టిక్కు పెట్టడం నాకు చేతకాదు. పైగా వాళ్ళ బ్యాండులో డ్రమ్ములు వాయించే అబ్బాయి ఎల్లుండి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోతున్నాడు. అందరూ ఇంకా ఇక్కడ ఉండగానే రాయాలని కూర్చున్నాను.

అతనిది నానక్‌రామ్‌గూడ. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ హౌసింగ్ బోర్డు ఇంట్లో స్థిరపడ్డవాళ్ళం. మా అమ్మాయి ఇతన్నే చేసుకుంటానంటే, ఎదురుగా కూర్చోబెట్టి ఏం పని చేస్తావని అడిగాను.

"బ్యాండ్ ఉంది అత్తమ్మా" అన్నాడు. నేను ఇంకా ఒప్పుకోనేలేదు, వరస కలిపేశాడు.

"పెళ్ళి బ్యాండా?"

"పెళ్ళిళ్ళల్ల గూడ వాయిస్తం. గని మా పాటలు మాకున్నయ్."

"వాటిని ఎవరు వింటారు?"

"ఇప్పటికైతే మేమే."

అబద్ధం చెప్పలేదు కదా అని ఒప్పుకున్నాను. పెళ్ళిలో ఆనవాయితీ ప్రకారం ఉంగరం పెట్టాం. చాలామంది అల్లుళ్ళు అత్తవారి ఉంగరాన్ని బీరువాలో దాచుకుంటారు. ఇతను కుడిచేతి వేలికి పెట్టుకుని, దానితోనే గిటారు చెక్క మీద కొట్టేవాడు. బంగారం ఒకవైపు నొక్కుకుపోయింది. అరిగిపోతుందయ్యా అని మందలిస్తే, "అరిగింది ఏడికి వోతది అత్తమ్మా, గిటారుల్నే ఉంటది" అనేవాడు.

పెళ్ళయ్యాక ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. మా మేడమీది రేకుల గది బ్యాండుకి దక్కింది. నియమాలు నేనే పెట్టాను. మధ్యాహ్నం కునుకు పూర్తయ్యాకే మొదలుపెట్టాలి, సాయంత్రం దీపం పెట్టేసరికి ఆపాలి. ఆపేవాళ్ళు. కాకపోతే కొన్ని రోజులు మెట్ల మీదుగా కేక వినబడేది: "అత్తమ్మా, ఇయ్యాల దీపం జర నిమ్మళంగ పెట్టుండ్రి. ఇంకొక్క చరణం ఉంది." నేను అగ్గిపెట్టె కాసేపు వెతుక్కునేదాన్ని.

బతుకుతెరువు పెళ్ళిళ్ళే. జనం చీటీలు పంపుతారు, వాటిలో ఉన్న సినిమా పాటలు వీళ్ళు పాడాలి. చివర్లో, అతిథులు బంతిలో కూర్చున్నాక, వాళ్ళ సొంత పాట ఒకటి పాడేవారు. అప్పుడే ఎందుకని అడిగితే, "అన్నం ముంగట కూసున్నోడు లేచిపోడు గద" అన్నాడు. ఒక పెళ్ళిలో నేనూ విన్నాను. గుట్ట మాయమైన చోట నిలబడిన మేక పాట అది. 'గుట్ట ఏడవోయెనని మేక అడుగుతున్నది' అని మొదలవుతుంది. పక్క విస్తరి ముందున్న పెద్దాయన చెయ్యి ఆపి, "ఏ సినిమాలోది బాబూ?" అని కేకేశాడు. "ఇంక తియ్యలే సార్" అన్నాడు మైకులో. వడ్డించేవాళ్ళు కూడా నవ్వారు. ఇంటికొచ్చాక నాతో అన్నాడు: "అడిగితే పాడింది వాళ్ళ పాట అత్తమ్మా. అడగకుండ పాడింది మనది."

ఆ మేక అతనికి మాదాపూర్‌లో దొరికింది. కంప్యూటర్ కంపెనీల మేడల కోసం అటువైపు గుట్టలు పగలగొడుతున్నారు. పొద్దున్నే స్కూటరు మీద పోయి, జుట్టునిండా రాతిపొడితో తిరిగొచ్చేవాడు. ఒకసారి వాళ్ళమ్మగారిని చూడ్డానికి వెళుతూ, నన్నూ మనవరాలినీ ఎక్కించుకున్న ఆటోని అక్కడ ఆపించాడు. రాళ్ళు కొట్టేవాళ్ళలో ఒకాయన సుత్తితో బండని రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి ఆగాడు. మిగతావాళ్ళు సమ్మెటలు ఎత్తి అలాగే నిలబడ్డారు. ఆయన మూడోసారి తట్టగానే అందరూ కలిసి కొట్టారు.

"ఏం జూస్తున్నరు అత్తమ్మా?"

"ఆలస్యమవుతోందని గడియారం చూస్తున్నాను."

"ఆయన రాయిని జూస్తున్నడు. అది చెప్పేదాంక ఆగుతడు."

ఆ తరువాత వాళ్ళ బ్యాండు పాటలన్నీ అలాగే మొదలయ్యేవి. అందరిలా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టడం లేదు. ఉంగరంతో చెక్క మీద రెండు తట్లు. ఆగడం. మూడో తట్టుకి నలుగురూ ఒక్కసారి అందుకునేవారు. ఆ ఆగడం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండేది కాదు. కొలత లేకపోతే మిగతావాళ్ళకి ఎలా తెలుస్తుందని అడిగాను. "నా భుజం జూస్తరు. గదిల సప్పుడు సద్దుమణగంగనే కొడ్త" అన్నాడు. ఇదేం పద్ధతి అనుకున్నాను. కానీ ఒక్కరోజు కూడా వాళ్ళు ముందూ వెనకా కాలేదు.

జబ్బు పడ్డాక నా పద్ధతిలో నేను చూశాను. మందులు వేళ తప్పలేదు. కాచిన నీళ్ళు, నూనె లేని పథ్యం, ఏదీ తప్పలేదు. కళ్ళలో పసుపు పెరుగుతూనే ఉంది. డాక్టరుగారు చెప్పాల్సింది చెప్పి తలవంచుకుని వెళ్ళిపోయారు. చివరిరోజు మధ్యాహ్నం మనవరాలు మంచం పక్కన నిలబడితే, ఇనప మంచం పట్టీ మీద ఉంగరంతో రెండుసార్లు తట్టాడు. పిల్ల నవ్వి ఎదురుచూసింది.

"మూడోది, నాన్నా?"

"ఆగు బిడ్డా. ఇంక సప్పుడు తగ్గలే."

సాయంత్రం నర్సమ్మ ఆ ఉంగరాన్ని దూదిలో చుట్టి నా చేతిలో పెట్టింది.

మొన్న గురువారం మిగిలిన ముగ్గురూ వచ్చారు. మేక పాట వినాలని మనవరాలు అడిగింది. డ్రమ్ముల అబ్బాయి వెళ్ళిపోతే మళ్ళీ అందరూ కలిసి వాయించేది ఎప్పుడో తెలియదు. రేకుల గదిలో ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. మధ్యలో కుర్చీకి గిటారు ఆనించి పెట్టారు. డ్రమ్ముల అబ్బాయి కర్రలతో లెక్క ఇచ్చాడు. ముగ్గురూ మూడుచోట్ల అందుకుని ఆగిపోయారు. మళ్ళీ ఇచ్చాడు, మళ్ళీ అంతే.

"అన్న భుజం లేదు గదరా" అన్నాడు కీబోర్డు అబ్బాయి, తల ఎత్తకుండా.

డ్రమ్ముల అబ్బాయి గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "ఉంగరం మీ తాన్నే ఉంది గద అమ్మమ్మా. మీరే కొట్టుండ్రి."

ఉంగరం నాకు వదులు. బొటనవేలితో పట్టి రెండుసార్లు తట్టాను. ముగ్గురూ నా భుజం వైపు చూశారు. నేను ఆగాను. కింద కుక్కరు కూత వేసింది. రోడ్డు మీద లారీ వెళ్ళింది. అది దూరమయ్యాక మా అమ్మాయి మెట్ల మీద ముక్కు చీదుకోవడం వినబడింది. ఇప్పుడా, ఇంకాసేపటికా? ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. ఇది నాకు అందలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దీపం వేళ దాటింది. ఆపమని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇక జరగాల్సినవి:

1. గిటారు తీగలు వదులు చేయించాలి. బిగించి వదిలేస్తే కర్ర వంగుతుందట.

2. రేపు ఆదివారం ముగ్గురూ మళ్ళీ రావాలి. భోజనం మా ఇంట్లోనే.

3. రేపు దీపం నిమ్మళంగా పెట్టాలి.

4. మూడో తట్టు ఎవరో కొట్టాలి. ఎవరో, ఎప్పుడో నాకు తెలియదు. మనవరాలు మాత్రం రేకుల గది గడప మీద కూర్చుని, ఆ కుర్చీ వైపే చూస్తోంది.