పొగమంచు మీద పసుపు

షెన్ రుయిలాన్‌కి డెబ్బై ఒకటో ఏడు. న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో కోటేశ్వరరావు అంకుల్, ఉమ ఆంటీల ఇంటి బేస్‌మెంట్‌లో ఆరేళ్లుగా అద్దెకుంటున్నారు. అదే ఇంటి పైగదిలో నేనూ అద్దెకే ఉంటాను. ఆదివారాలు కిందికి వెళ్లి ఆవిడ దగ్గర సిరా కడ్డీని నీళ్లతో రాతి మీద అరగదీస్తాను. కుంచె ఇంకా ముట్టుకోనివ్వలేదు.

"నీది తొందరపడే చెయ్యి," అంటారు.

ఆవిడది చైనాలో హాంగ్‌జౌ దగ్గర చిన్న ఊరు. తండ్రి బొమ్మల వెనక రెండో కాగితం అతికించి బిగించే పనివాడు. సిరాతో కొండలూ నీళ్లూ వేయడం అక్కడి కళాశాలలో ఎనిమిదేళ్లు నేర్చుకున్నారు. నలభై ఐదో ఏట భర్తతో న్యూజెర్సీ వచ్చాక చేసిన పని మాత్రం వేరు. పంతొమ్మిదేళ్లు ఒక నెయిల్ సెలూన్‌లో గోళ్ల మీద పూలు వేశారు. ఐదు చుక్కలు పెడితే ఒక పువ్వు. భర్త పోయాక, మోకాళ్లు మొరాయించాక సెలూన్ మానేసి మళ్లీ కాగితం పట్టుకున్నారు.

మూడేళ్లు వరసగా కౌంటీ ఆర్ట్ హాల్ ప్రదర్శనకి బొమ్మ పంపారు. మూడేళ్లూ ఒకటే జవాబు: ఇది పెయింటింగ్ కాదు, క్రాఫ్ట్ విభాగంలో పెట్టుకోండి.

"నేనేమైనా టేబుల్ గుడ్డలు కుడుతున్నానా?" అని ఆ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కల్ని నా చేతిలో పెట్టారు, నేనే రాసినట్టు.

ఈ ఏడు నాలుగు నెలలు డెలావేర్ నది ఒడ్డుకి బస్సులో వెళ్లొచ్చారు. చెయ్యి వణుకుతోంది. పదహారు కాగితాలు పాడయ్యాయి. పదిహేడోది నిలిచింది. నిలువెత్తు కాగితంలో అడుగున నాలుగు రాళ్లు, పైన ఒక కొండ అంచు, మధ్యలో అంతా తెల్లగా పొగమంచు. వాళ్ల పద్ధతిలో మంచుని వేయరు, వదిలేస్తారు. ఎంత వదలాలో తెలియడానికే జీవితం పడుతుందట.

కోటేశ్వరరావు అంకుల్ చూసి నవ్వారు. "ఇంత ప్లేస్ ఖాళీగా వదిలేసిందేంటమ్మా! మా బిల్డర్ అయితే ఇందులో ఆరు టౌన్‌హౌస్‌లు లేపేవాడు."

ఫొటో చూసి హాల్ వాళ్లు ఒప్పుకున్నారు, ఈసారి పెయింటింగ్ విభాగంలోనే. సోమవారం అందజేయాలి. ఇంకో పెద్ద బొమ్మ వేయడానికి చెయ్యి సహకరించదని ఆవిడకి తెలుసు. గురువారం మైదా జిగురుతో వెనక కాగితం అతికించి, తడిగానే ఒక చెక్కకి పరిచి బిగించారు. బేస్‌మెంట్‌లో చెమ్మ కాబట్టి గరాజ్ గోడకి ఆనించారు.

శుక్రవారం దసరా. ఉమ ఆంటీ ఆయుధ పూజ చేశారు. రెండు కార్లు, లాన్ మోవర్, అంకుల్ లాప్‌టాప్, ఇన్‌స్టంట్ పాట్, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు. పళ్లెం నేనే పట్టుకున్నాను. చివరికి ఆంటీ ఆ చెక్క ముందు ఆగారు.

"ఆవిడకి అన్నం పెట్టేది ఇదే కదమ్మా. మన ఇంట్లో ఉన్నాక మన దేవుడు చల్లగా చూడొద్దూ!"

"ఆంటీ, అది తడి..." అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అప్పటికే రెండు పసుపు బొట్లు పడ్డాయి, సరిగ్గా మంచు మధ్యలో. నిజంగా భక్తితోనే పెట్టారు. కళ్లకి కూడా అద్దుకున్నారు.

మధ్యాహ్నానికి తడి కాగితంలో పసుపు పాకి, ఒక్కో బొట్టూ నిమ్మకాయంత అయింది.

షెన్ ఆంటీ వచ్చి చూశారు. ముందు చైనీస్‌లో అరిచారు. తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషు మాటలు నాలుగూ కూడగట్టుకుని నా వైపు తిరిగారు. "ఆమెకి చెప్పు. నా నాలుగు నెలలతో చెయ్యి తుడుచుకుంది. నా తలుపు తట్టకుండా నా ఒంటి మీద చెయ్యి వేసింది."

"ఏమంటోంది?" అన్నారు ఉమ ఆంటీ. ఆ ఉచ్చారణలో ఆవిడకి సగం అర్థం కాదు.

"కొంచెం బాధపడుతున్నారు ఆంటీ."

షెన్ ఆంటీ నన్ను చూశారు. "నేను చెప్పింది పొడుగు. నువ్వు చెప్పింది పొట్టి."

"అయ్యో, దేవుడి బొట్టే కదండీ! గుడ్ లక్. ఫస్ట్ ప్రైజ్ కొడతారు చూడండి," అన్నారు అంకుల్.

ఉమ ఆంటీకి ఒక ఉపాయం తోచింది. "ఆ చుక్కలు రెండూ పూలు చేసేయమను. ఫైవ్ మినిట్స్ పని. వాళ్లకి ఇలాంటివి బాగా వచ్చుగా!"

ఆంటీ వేలితో గాల్లో పువ్వు గీసి చూపడంతో ఇది షెన్ ఆంటీకి అర్థమైంది. "పంతొమ్మిదేళ్లు చుక్కల్ని పూలు చేశాను," అన్నారు, ఒక్కో మాటా విడిగా. "మీలాంటి వాళ్ల గోళ్ల మీద. ఇక చేయను." మెట్లు దిగి తలుపు వేసుకున్నారు.

ఆదివారం నన్ను పిలిచి సిరా అరగదీయమన్నారు. చిక్కగా, ఇంకా చిక్కగా. చిత్రకారులు బొమ్మ ఎప్పుడు, ఎందుకు వేశారో దాని మీదే రాయడం వాళ్ల ఆచారం. బొట్ల పక్కన నాలుగు వరసలు రాసి, ఎర్రటి పేరు ముద్ర వేశారు. ఒక్కో వరసకీ అర్థం నాకు చెప్పారు. రెండుసార్లు నాచేత తిరిగి చెప్పించుకున్నారు కూడా.

హాల్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. పసుపు కూడా రంగే అనుకున్నారు.

ప్రారంభం రోజున ఉమ ఆంటీ గద్వాల చీరలో, ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చారు. "ఇదిగో, నేను పెట్టిన బొట్లే! పైకి అరిచింది గానీ ఉంచుకుంది చూశారా!" సెల్ఫీకి ఫోన్ ఎత్తారు. "పక్కన ఏం రాసిందే భవితా? నాకు థాంక్స్ చెప్పిందా?"

షెన్ ఆంటీ రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. "చెప్పు," అన్నారు నాతో.

చెప్పాను. తెలుగులో, అందరికీ వినపడేలా.

"'నాలుగు నెలలు చూసి ఈ మంచుని వదిలాను. ఇంటివాళ్లు అడగకుండా దీని మీద తమ దేవుడి గుర్తు పెట్టారు. తుడిస్తే కాగితం చిరుగుతుంది, పువ్వు చేస్తే అబద్ధమవుతుంది. అందుకని తప్పుని తప్పుగానే ఉంచాను. షెన్ రుయిలాన్, కోపంతో.'"

ఫోన్ కిందికి దిగింది. స్నేహితురాళ్లు సమోసాల బల్ల వైపు జరిగారు.

"ఆరేళ్లుగా ప్రతి పండక్కీ పులిహోర పంపానే!" అన్నారు ఉమ ఆంటీ.

"పంపారు ఆంటీ. బొట్టు పెట్టేముందు మాత్రం అడగలేదు."

ఆవిడ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, పర్సు భుజాన వేసుకుని తలుపు వైపు నడిచారు.

షెన్ ఆంటీ నా దగ్గరికి వచ్చారు. "ఈసారి పొడుగ్గా చెప్పావు."

"అంతా చెప్పాను."

"చివరి మాట?"

"అదీ చెప్పాను."