జానెడు పునాది

కట్టడం, కదిలిపోవడం. మేస్త్రి బతుకంతా ఈ రెండు మాటల్లో ఇమిడిపోతుంది. గోడ తడి ఆరకముందే అతని చెప్పులు ఇంకో ఊరి దుమ్ములో ఉండేవి. కట్టినదాన్ని మళ్ళీ చూడ్డానికి ఎన్నడూ వెళ్ళలేదు. "అమ్మ నిన్ను కాళ్ళకు చక్రాలు కట్టి కన్నదిరా," అనేది అక్క.

ఆ అక్కే ఇప్పుడు రమ్మని కబురు పెట్టింది. పద్దెనిమిదేళ్ళ కిందట తమ్ముడు కట్టిచ్చిన రొట్టెల బట్టీ మీదే ఆమె సంసారం నడుస్తోంది. వెనక వీధి ఆసుపత్రివాళ్ళు రోజూ రొట్టెలు కావాలంటున్నారు. ఉన్న బట్టీ చాలదు. పెద్దది కట్టాలంటే ముందు దాని కిందున్న కాంక్రీటు దిమ్మెను ఎడమవైపు రెండున్నర అడుగులు పొడిగించాలి.

వచ్చిన మేస్త్రి, కొత్త కాంక్రీటుకు పట్టు దొరకాలని దిమ్మె పక్కను ఉలితో గరుకు చేశాడు. ఆనుకుని గుంట తీశాడు. జానెడు దిగాడో లేదో, గడ్డపార నిద్రలోకి జారినంత మెత్తగా దిమ్మె కిందికి దూరింది. చేయి పెట్టి చూశాడు. వేళ్ళకు దిమ్మె అడుగు తగిలింది. దాని కింద ఉత్త మట్టి.

మోకాలి లోతు పునాది అని ఆనాడు అక్కకు తనే చెప్పాడు. అవతలి ఊళ్ళో మేడ పని పిలుస్తుంటే కాలు నిలవక, జానెడే తవ్వి, గుంట పక్కన తవ్విపోసిన మట్టికుప్ప మీదనుంచి కర్ర దించి లోతు కొలిచి చూపించాడు. కుప్ప ఎత్తంతా లోతులో కలిసిపోయింది.

ఇప్పుడూ మాట్లాడకుండా కాంక్రీటు పోసేస్తే అడిగేవాళ్ళు లేరు. లేచి వీధి చివరిదాకా వెళ్ళి, టీ తాగకుండానే తిరిగొచ్చాడు. తాపీ కడిగాడు. కడిగిన తాపీనే మళ్ళీ కడిగాడు. బట్టీలో కణకణలాడే నిప్పులు అతని వీపును చూస్తున్నట్టే ఉన్నాయి.

"ఏంట్రా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" రొట్టెల పళ్ళెం దించుతూ అడిగింది అక్క.

"ఇలా రా అక్కా. ఈ పునాది జానెడే."

ఆమె వంగి చూసింది. "మా ఎదురుగానే కొలిచావు కదరా. మీ బావ చూసి మెచ్చుకున్నాడు కూడా."

"బావ చూసింది కర్రని. నేను కొలిచింది మట్టికుప్పతో కలిపి."

అక్క పిండి చేతులు చీరకు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నిలబడింది కదా."

"ఈ బరువుకి నిలబడింది. పెద్దది కడితే కొత్తవైపు గట్టిగా ఉంటుంది, పాతవైపు కుంగుతుంది. అతుకు దగ్గర నిలువునా చీలుతుంది."

"అయితే పడగొట్టాలా?"

"అక్కర్లేదు. ముందు పాతదాని కింద లోతు పెంచాలి. ఒక్కసారే తవ్వితే కూలుతుంది. మూరెడు వెడల్పే తవ్వి కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక ఇంకో మూర. మూడు వారాలు బట్టీ ఆర్పాలి."

"బట్టీ సంగతి నేను చూసుకుంటా. మూడు వారాలు నువ్వుంటావా?"

అతను గుంటలోకి చూస్తూ, "ఉంటాను," అన్నాడు. ఆ మాట తన నోటికే కొత్తగా తోచింది.

అక్క ఇనుప పార తీసుకుని నిప్పులన్నీ బయటికి లాగేసింది. "ఈసారి కర్ర నేను పట్టుకుంటా," అంది.

ఆరో రోజుకి మొదటి మూర గట్టిపడింది, రెండోది తడి గోనెసంచుల కింద బిగుస్తోంది. పొద్దున ఫోనొచ్చింది, ఎక్కడో పెద్ద పని. అరికాళ్ళలో చీమలు పాకినట్టయింది. బస్సులు ఆగే చోటిదాకా నడిచాడు. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. కండక్టరు ఎక్కమన్నట్టు చూశాడు. ఈ ఎండకి గోనెలు ఆరిపోతాయని, కాంక్రీటు బీటలిస్తుందని తోచింది అతనికి. బస్సు వెళ్ళిపోయింది.

గుమ్మంలో నిలబడి ఉంది అక్క. "ఎక్కడికెళ్ళావ్?"

"టీకి."

"ఇంట్లో టీ లేదా?"

గోనెలు తడపడానికి బకెట్ అందుకున్నాడు.